ఇంట్లోనే ఫ్రెంచ్ ఉల్లిగడ్డ సూప్: నాందేడ్, చంద్రపూర్ బజారు సరుకుతో

కిలోన్నర ఉల్లిగడ్డ గంజులో మగ్గి మగ్గి మూడున్నర వందల గ్రాముల ముద్ద అయ్యేదాకా పొయ్యి దగ్గర ఓపిక పట్టగలిగితే ఫ్రెంచ్ ఆనియన్ సూప్ ముప్పావు వంతు అయిపోయినట్టే. తర్వాత బొక్కల రసం పోయడం, రొట్టె ముక్క తేలేయడం, పైన చీజ్ కరిగించడం అరగంట, ముప్పావుగంట పని. చాలామంది ఈ చివరి భాగం గురించే బెంగపడతారు. గ్రూయేర్ చీజ్ దొరకలేదని, ఓవెన్ లేదని మానేస్తారు. నిజానికి సూప్ చెడేది అక్కడ కాదు, ఉల్లిగడ్డ దగ్గరే.

"పది నిమిషాలు, గోధుమరంగు వచ్చేదాకా వేయించండి" అని రాసిన రెసిపీ కనబడితే నమ్మకండి. పది నిమిషాల్లో వచ్చేది కూరకు పనికొచ్చే ఉల్లి. సూప్‌కు పనికొచ్చేది రావాలంటే గంటా పది నిమిషాలకు తక్కువ పట్టదు. మంట పెంచితే తొందరగా అయ్యేది మాడడం ఒక్కటే.

పారిస్ నడిబొడ్డున లే ఆల్ అని పెద్ద టోకు బజారు ఉండేది. 1969లో దాన్ని ఊరి బయటికి, రంజిస్‌కు మార్చారు. అక్కడ రాత్రంతా మూటలు మోసిన హమాలీలు తెల్లవారుజామున చుట్టుపక్కల హోటళ్లలో తాగిన సూప్ ఇదే. ఉల్లి, పాతబడిన రొట్టె, వేడి రసం, అంతే. మార్కెట్ యార్డు, హమాలీలు, కాందా (ఉల్లి) బస్తాలు చూస్తూ పెరిగిన మన వైపు వాళ్లకు ఇది పరాయి తిండిలా అనిపించాల్సిన పనే లేదు.

ఏ ఉల్లిగడ్డ తెచ్చుకోవాలి

ఫ్రాన్స్‌లో పసుపుపచ్చ పొట్టు ఉల్లి వాడతారు. అది మనకు దొరకదు, వెతకనక్కరలేదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ మొదలుకొని రాజురా, బల్లార్షా దాకా దుకాణాల్లో అమ్మే నాశిక్ సరుకే చాలు. కాకపోతే కాలాన్ని బట్టి అందులో తేడా ఉంటుంది.

ఎండాకాలంలో తవ్వి, కాందా చాళ్లలో, అంటే ఉల్లి నిలవచేసే కొట్టాల్లో ఆరబెట్టి, వానాకాలమంతా అమ్మే ఉన్హాళీ కాందా ఈ సూప్‌కు అన్నిటికన్నా మంచిది. లేత ఎరుపు, గట్టి పొరలు, తక్కువ నీరు. దసరా, దీపావళి తర్వాత దిగే లాల్ కాందాలో నీరు ఎక్కువ, నిలవ ఉండదు. సూప్ తాగాలనిపించే చలికాలంలో బజారులో ఉండేది ఇదే కాబట్టి దీనితో చేయక తప్పదు. అప్పుడు కిలోన్నరకు బదులు కిలో ముప్పావు తీసుకోండి, మగ్గడానికి ఇంకో పావుగంట కలుపుకోండి. అలీబాగ్ తెల్ల ఉల్లికి పేరుంది గానీ అది పచ్చిగా తినడానికి బాగుంటుంది. గంటన్నర ఉడికించే పనికి దాన్ని కొనడం డబ్బు దండగ.

మరాఠీవాళ్లు ఆషాఢ శుద్ధ నవమిని కాందే నవమి అంటారు. రెండు రోజుల్లో ఏకాదశితో చాతుర్మాసం మొదలవుతుంది, ఆ నాలుగు నెలలు ఉల్లి మానేసే ఇళ్లు ఉంటాయి కాబట్టి ఆ రోజు కడుపునిండా ఉల్లి వంటకాలు చేసుకుంటారు. ఉన్హాళీ కాందా చాళ్లలో బాగా ఆరి ఉండే రోజులు, బయట వాన. ఈ సూప్‌కు ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

కళ్లల్లో నీళ్లు తెప్పించే ఉల్లిలో తీపి ఉండదనుకోకండి. ఘాటు దాని తీపిని కప్పేస్తుంది, అంతే. ఘాటు పుట్టించే గంధకపు పదార్థాలు వేడికి ఎగిరిపోతాయి, చక్కెర అడుగున మిగులుతుంది.

కొనేటప్పుడు మెడ దగ్గర నొక్కి చూడండి. మెత్తగా ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టు. వానాకాలంలో పై పొరల మీద కాటుకలాంటి నల్లబూజు కనిపిస్తుంది. ఒకటి రెండు పొరలు తీసి కడిగితే పోయేదైతే వాడుకోవచ్చు, లోపలిదాకా పాకితే పారేయండి. మొలక వచ్చిన గడ్డలో పచ్చటి మొవ్వ తీసేయాలి, అది చేదు.

నలుగురికి కావలసినవి

ఉల్లిగడ్డలు కిలోన్నర. వెన్న 50 గ్రాములు, నూనె ఒక పెద్ద చెంచా. ఉప్పు ఒక టీస్పూన్. వెన్న ఉప్పు కలిపినదైతే అర టీస్పూన్ చాలు. మైదా ఒక పెద్ద చెంచా. డ్రై (తీపి లేని) వైట్ వైన్ 120 మిల్లీలీటర్లు, లేదా తెల్ల వెనిగర్ ఒక పెద్ద చెంచా. బొక్కల రసం లీటరుం పావు. ఎండు థైమ్ అర టీస్పూన్. మిరియాల పొడి. రొట్టె ముక్కలు ఎనిమిది. చీజ్ 160 నుంచి 200 గ్రాములు. ఒక వెల్లుల్లి రెబ్బ.

థైమ్‌ను పిజ్జా మసాలాలు అమ్మే చోట అడగండి. దొరక్కపోతే పెరట్లోని వాము ఆకు ఒక్కటి చివరి ఐదు నిమిషాలు సూప్‌లో వేసి తీసేయండి. వాసన దగ్గరగానే ఉంటుంది, కానీ రెండో ఆకు వేస్తే సూప్ కషాయమైపోతుంది. ఫ్రెంచివాళ్లు వేసే బే ఆకుకు బదులు బిర్యానీ ఆకు మాత్రం వద్దు. రెండూ వేరే చెట్లు. బిర్యానీ ఆకు దాల్చినచెక్క వాసన వేస్తుంది.

బొక్కల రసం

ఫ్రాన్స్‌లో పశువుల ఎముకలతో కాస్తారు. మహారాష్ట్రలో ఆవుతో పాటు ఎద్దు, కోడె వధ కూడా 2015 నుంచి నిషేధం. ఆ మాట పక్కన పెట్టి కోడితో చేసుకోవడమే మేలు, ఉల్లి రుచిని తొక్కేయకుండా ఉంటుంది.

కోడి దుకాణంలో వీపు, మెడ బొక్కలు ఒక కిలో, శుభ్రం చేసిన కాళ్లు నాలుగు అడగండి. కాళ్లు వదిలేయకండి, రసానికి జిగురు వాటి నుంచే వస్తుంది. బొక్కలను కడాయిలో చెంచా నూనెతో పదిహేను నిమిషాలు అన్ని వైపులా ఎర్రగా కాల్చండి. ఒక ఉల్లిగడ్డను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని పొడి పెంక మీద నల్లబడేదాకా కాల్చండి. ఇది ఫ్రెంచి వంటింటి పద్ధతే, రసానికి రంగు ఇస్తుంది. ఇవన్నీ ఐదు లీటర్ల కుక్కర్‌లో వేసి, ఒక క్యారెట్, ఆరు మిరియాలు, లీటరు 800 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూత పెట్టండి. మొదటి కూత తర్వాత మంట బాగా తగ్గించి 45 నిమిషాలు ఉంచాలి. ఆవిరి దానంతట అదే దిగనివ్వండి. బలవంతంగా వదిలితే రసం కుతకుతలాడి, కొవ్వు కలిసిపోయి మబ్బుగా అవుతుంది. వడగట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పైన పేరుకున్న కొవ్వు తీసేయండి. మర్నాటికి రసం జెల్లీలా వణికితే బాగా దిగినట్టు.

ఉప్పు వేయొద్దు. పసుపు, అల్లం, ధనియాలు అసలే వద్దు. చేయి అలవాటు కొద్దీ డబ్బాల వైపు వెళ్తుంది, ఆపుకోవాలి.

మేక బొక్కలు వాడదలిస్తే ముందు ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో గంటసేపు కుక్కర్‌లో పెట్టండి. అయినా మేక వాసన ముందుకొస్తుంది, సగం కోడి బొక్కలు కలిపితే సర్దుకుంటుంది.

శాకాహారులకు: 250 గ్రాముల బటన్ పుట్టగొడుగులు తరిగి చెంచా నూనెలో నీరింకి ఎర్రబడేదాకా వేయించండి. రెండు క్యారెట్లు, ఒక టమాటా, కాల్చిన ఉల్లి సగం, కడిగిన శుభ్రమైన ఉల్లిపొట్టు ఒక గుప్పెడు, ఎనిమిది మిరియాలు, లీటరు 800 మిల్లీలీటర్ల నీళ్లు. మూత ఓరగా పెట్టి నలభై నిమిషాలు, వడగట్టాక ఒకటిన్నర టీస్పూన్ సోయా సాస్. క్యాబేజీ, గోబీ తొడిమలు వేయకండి, ఉడికేకొద్దీ కంపు కొడతాయి. ఈ రసంలో జిగురు ఉండదు కాబట్టి సూప్‌లో మైదా ఒకటిన్నర చెంచాలు చేసుకోండి. పప్పు కట్టు పోస్తే చిక్కగా వస్తుంది కదా అనిపిస్తుంది. వస్తుంది, కానీ అది చారవుతుంది.

కిరాణాలో దొరికే సూప్ క్యూబ్ మీద ఆధారపడితే లీటరుం పావుకు ఒక్కటే వేయండి, తర్వాత రుచి చూడకుండా చిటికెడు ఉప్పు కూడా కలపకండి.

కోత

తల, వేరు కొసలు తీసి, నిలువునా రెండు చెక్కలు చేయండి. చెక్కను వేరు నుంచి తల వైపు, నిలువుగా, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన చీలికలుగా కోయండి. అడ్డంగా చక్రాల్లా కోస్తే నార తెగి, గంట మగ్గేసరికి గుజ్జవుతుంది. నిలువు చీలిక మెత్తబడినా తీగలా నిలుస్తుంది, చెంచాకు అందుతుంది. మరీ సన్నగా కోస్తే అంచులు ముందే మాడతాయి. మిక్సీ, చాపర్ వద్దు.

కోసే ముందు గడ్డలను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, కళ్ల మంట తగ్గుతుంది. కత్తి పదునుగా ఉంటే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే మొండి కత్తి పొరలను నలిపి ఘాటును ఎక్కువగా విడుదల చేస్తుంది.

మగ్గించడం

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న ఐదారు లీటర్ల గిన్నె కావాలి. స్టీల్ గంజైతే అడుగు దళసరిగా ఉండాలి, హార్డ్ అనోడైజ్డ్ గిన్నె అయినా బాగుంటుంది, కుక్కర్ గిన్నె కూడా సరిపోతుంది. నాన్‌స్టిక్ వద్దు. అడుగున పట్టే గోధుమరంగు పొరే ఈ సూప్ రంగూ రుచీ, నాన్‌స్టిక్‌లో అది పట్టదు. ఇనుప కడాయిలో ఉల్లి బాగా ఎర్రబడుతుంది కానీ వైన్, వెనిగర్ పోయగానే ఇనుము దిగి నల్లగా, తుప్పు రుచిగా మారుతుంది. ఇనుప కడాయే ఉంటే ఉల్లి వేయించడం వరకు అందులో చేసి, పులుపు పోసే ముందు వేరే గిన్నెలోకి మార్చేయండి.

వెన్న, నూనె మధ్యస్థ మంట మీద కరిగించి ఉల్లి మొత్తం వేసి, ఉప్పు చల్లి కలపండి. గిన్నె నిండుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మూత పెట్టి ఇరవై నిమిషాలు, మధ్యలో రెండుసార్లు అడుగు నుంచి పైకి తిప్పండి. ఉప్పుకు ఉల్లి నీరు వదిలి సగానికి దిగుతుంది. వెన్నకు బదులు నెయ్యి వాడొచ్చు, 40 గ్రాములు. అయితే నెయ్యి వాసన ఉల్లి కంటే ముందు నిలబడుతుంది, అది మీ ఇష్టం.

ఈ దశలో లాల్ కాందా రంగు చూసి చాలామంది భయపడతారు. ఊదా, బూడిద కలిసినట్టు, కొన్నిసార్లు నీలంగా మారుతుంది. ఎర్ర ఉల్లిలోని రంగు పులుపు తగిలితే ఎరుపెక్కుతుంది, క్షారం తగిలితే నీలం వైపు పోతుంది. చెడిపోలేదు. అర టీస్పూన్ వెనిగర్ వేస్తే వెంటనే గులాబీ రంగుకు తిరుగుతుంది, ఎర్రబడేకొద్దీ ఏ జాడా మిగలదు.

ఇప్పుడు మూత తీసి మంట కొంచెం పెంచి నీరంతా ఇగరనివ్వండి. పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. చెవి పెట్టి వినండి: నీరున్నంతసేపు గిన్నె బుడబుడమంటుంది, నీరు పోగానే చిటచిటలోకి మారుతుంది. ఆ చప్పుడు మారిన క్షణాన మంట సగానికి తగ్గించాలి. అసలు పని మొదలయ్యేది ఇక్కడ.

ఉల్లిలో దాదాపు తొంభై శాతం నీరే. ఆ నీరున్నంతవరకు గిన్నెలో వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎంత మంట పెట్టినా రంగు రాదు. నీరు పోయాక వేడి పైకి పాకి ఉల్లిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమరంగు, కమ్మటి వాసన పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య ఇదే, రొట్టె పైపొర ఎర్రబడేది కూడా దీనివల్లే. ఇక్కడ వేడి మరీ ఎక్కువైతే చక్కెర మాడి చేదు తిరుగుతుంది. అందుకే సన్నమంట.

రెండు మూడు నిమిషాలకోసారి కలుపుతూ ఉండండి. అడుగున పలచటి గోధుమ పొర పట్టడం కనిపిస్తుంది. అది గరిటెకు ఊడిరానంత గట్టిపడే ముందే రెండు చెంచాల నీళ్లు చల్లి, కట్టె గరిటె చదును అంచుతో గోకండి. పొర కరిగి నీళ్లు ఎర్రబడతాయి, ఆ ఎరుపును ఉల్లి పీల్చుకుంటుంది. నీరు ఇగిరాక మళ్లీ పొర పడుతుంది, మళ్లీ నీళ్లు, మళ్లీ గోకడం. ఆరు నుంచి ఎనిమిది సార్లు ఇలా జరగాలి. ముప్పై ఐదు, నలభై ఐదు నిమిషాలు. గిన్నె అంచుల మీద అంటిన రంగును కూడా తడి గరిటెతో లోపలికి దించండి.

రంగు ముందు కొత్త బెల్లంలా, తర్వాత పాతబెల్లంలా వస్తుంది. పాతబెల్లం దగ్గర ఆపాలి. అనుమానముంటే తూకం వేయండి, కిలోన్నర ఉల్లి 350 గ్రాముల దరిదాపుల్లోకి రావాలి. అరకిలో పైన ఉంటే ఇంకా నీరుంది.

అడుగు పొర నల్లబడి మాడువాసన వచ్చిందా? నీళ్లు పోయకండి, గోకకండి. పైనున్న ఉల్లిని మెల్లగా వేరే గిన్నెలోకి తీసేసి అక్కడ కొనసాగించండి. మాడు కరిగి కలిస్తే ఇక ఏం చేసినా చేదు పోదు.

దగ్గరి దారులు రెండు వినిపిస్తుంటాయి. వంటసోడా చిటికెడు వేస్తే రంగు తొందరగా వస్తుంది, నిజమే. కానీ సోడా ఉల్లి కణాల గోడలను కరిగించి గుజ్జు చేస్తుంది, ఎక్కువైతే సబ్బు రుచి. వేయాలనుకుంటే కిలోన్నరకు టీస్పూన్‌లో ఎనిమిదో వంతుకు మించొద్దు. రెండోది, బిర్యానీకి చేసినట్టు నూనెలో కరకరలాడేలా వేయించిన ఉల్లి. అది బిర్యానీలో అమృతం. సూప్‌లో వేస్తే పైపై మాడు, లోపల నూనె, పది నిమిషాల్లో నాని తొక్కల్లా తేలుతుంది. చక్కెర వేయమని కూడా కొందరు చెప్తారు. గడ్డ మంచిదైతే అక్కరలేదు, వేస్తే సూప్ పాయసం వైపు పోతుంది.

మధ్యలో కరెంటు, గ్యాస్ ఏది ఆగినా ఫర్వాలేదు. దించేసి, తర్వాత మళ్లీ పొయ్యి మీద పెట్టుకోవచ్చు. ముందురోజు ఉల్లి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, చుట్టాలొచ్చిన పూట గంట నిలబడాల్సిన పని తప్పుతుంది.

వైన్, లేకపోతే వెనిగర్

మంట మధ్యస్థంగా చేసి మైదా చల్లి రెండు నిమిషాలు కలపండి, పచ్చివాసన పోవాలి. మంట పెంచి వైన్ పోసి అడుగంతా గోకండి. మూడు నాలుగు నిమిషాల్లో దాదాపు ఇగిరిపోవాలి. నాశిక్ వైన్లలో సావిన్యాన్ బ్లాంక్ రకం డ్రైగా, అంటే తీపి లేకుండా ఉంటుంది. చెనిన్ బ్లాంక్ చాలావాటిలో కొద్దిగా తీపి ఉంటుంది, ఉల్లి తీపికి అది తోడైతే మొహం మొత్తుతుంది.

గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, కాబట్టి సిరొంచ, అహేరి వాళ్లకు ఈ దారి లేదు. చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో ఎత్తేశారు. వైన్ లేకపోతే తెల్ల వెనిగర్ ఒక పెద్ద చెంచా, నీళ్లు 100 మిల్లీలీటర్లు కలిపి పోయండి. ఈ సూప్‌కు కావలసింది పులుపు, అది లేకుంటే తీపి ఒక్కటే నాలుకకు తగిలి సూప్ చప్పగా అనిపిస్తుంది. నిమ్మరసం ఉడికితే చేదెక్కుతుంది, వద్దు. వైన్ వాడితే మద్యం ముట్టని చుట్టాలకు ముందే చెప్పండి. ఎంత ఉడికినా ఆల్కహాల్ పూర్తిగా పోదు.

ఇప్పుడు వేడి చేసిన రసం, థైమ్ వేసి, ఉడుకు పట్టాక మంట తగ్గించి మూత ఓరగా పెట్టి ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. మిరియాల పొడి, ఉప్పు చివరలో. పైన రాబోయే చీజ్‌లో ఉప్పుంది కాబట్టి మీకు సరిపోయేదానికంటే ఒక పిసరు తక్కువ వేయండి. మరీ తియ్యగా ఉంటే టీస్పూన్ వెనిగర్. పలచగా ఉంటే మూత తీసి పది నిమిషాలు మరిగించండి, కార్న్‌ఫ్లోర్ కలపకండి.

రొట్టె, చీజ్

ఫ్రెంచివాళ్ల పొడవాటి రొట్టె బాగెట్ మనకు దొరకదు. ఊళ్లో బేకరీలో దొరికే లాది పావ్ మెత్తన, కాస్త తీపి. తాజాగా వేస్తే నిమిషంలో ముద్దయి మునిగిపోతుంది. ఒకరోజు పాతబడిన పావ్‌ను రెండు సెంటీమీటర్ల మందాన కోసి, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 150 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు, లేదా పెంక మీద సన్నమంటన ఒక్కోవైపు ఏడు నిమిషాలు ఆరబెట్టండి. ఎర్రబడడం ముఖ్యం కాదు, లోపలిదాకా ఎండాలి. విరిస్తే టక్కున విరగాలి. కడక్ పావ్ దొరికితే ఇంకా మంచిది. ఇలాచీ వాసన వచ్చే టీ టోస్ట్ ఎంత కరకరలాడినా వద్దు. ఎండిన ముక్కల మీద వెల్లుల్లి రెబ్బ ఒకసారి రుద్దండి.

అసలు చీజ్ గ్రూయేర్, స్విట్జర్లాండ్‌ది. నాగపూర్, హైదరాబాద్ పెద్ద దుకాణాల్లో ఎప్పుడైనా కనిపిస్తుంది, ధర చూస్తే సూప్ మీద ప్రేమ తగ్గుతుంది. అమూల్ ఎమ్మెంటాల్, గౌడా దానికి దగ్గరి చుట్టాలు. నాందేడ్‌కో మంచిర్యాలకో వెళ్లినప్పుడు ఐస్‌తో తెచ్చుకోండి. అవీ లేకపోతే మోజరెల్లా 120 గ్రాములు, చెడ్డార్ లేదా మామూలు ప్రాసెస్డ్ చీజ్ 60 గ్రాములు తురిమి కలపండి. మోజరెల్లా సాగుతుంది కానీ రుచి తక్కువ, రెండోదానికి రుచి ఉంది కానీ సాగదు. ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే వేస్తే సాస్‌లా కారుతుంది. పనీర్ వద్దు, పులుపుతో విరిచిన పాలు కాబట్టి ఎంత వేడిలోనూ కరగదు.

పైపొర

సూప్ గిన్నెలు ఓవెన్ వేడికి తట్టుకునేవై ఉండాలి. మామూలు పింగాణీ కప్పులు, గాజు గిన్నెలు పగులుతాయి. స్టీల్ గిన్నెలు నిక్షేపంగా పనికొస్తాయి, అందం కోసం చూసుకోకపోతే. 350 మిల్లీలీటర్లు పట్టే గిన్నెలో మరుగుతున్న సూప్ పోసి, అంచుకు ఒకటిన్నర సెంటీమీటర్ల కింద ఆపండి. రొట్టె ముక్కలు పైభాగమంతా కప్పేలా పేర్చి, గిన్నెకు 40 గ్రాముల పైన చీజ్ అంచుల దాకా చల్లండి. రొట్టె మధ్య ఖాళీ ఉంటే చీజ్ అందులోంచి మునిగి అడుగున బంకలా గడ్డకడుతుంది.

ఓటీజీలో పై రాడ్ మాత్రమే వేసి, 230 డిగ్రీలకు వేడెక్కాక, గిన్నెలను ట్రే మీద పెట్టి రాడ్‌కు ఎనిమిది పది సెంటీమీటర్ల కింద ఉంచండి. నాలుగు నుంచి ఆరు నిమిషాలు, కదలకుండా చూస్తూ ఉండాలి. చీజ్ బుడగలెత్తి అక్కడక్కడా గోధుమ మచ్చలు పడగానే తీసేయండి, ఆలస్యమైతే నూనె విడిపోతుంది. సూప్ చల్లగా పోసి పెడితే పైన మాడుతుంది, కింద గోరువెచ్చగానే ఉంటుంది.

ఓటీజీ లేనివాళ్లు పెంకతో చేయొచ్చు, నాన్‌స్టిక్ పెంక వాడాల్సింది ఇక్కడే. మధ్యస్థ మంట మీద పెంక మీదే రొట్టె ముక్కంత వెడల్పున చీజ్ తురుము పరచండి. అది కరిగి, అంచులు ఎర్రబడేటప్పుడు ఎండిన రొట్టె ముక్క దాని మీద అదిమి, పది సెకన్లు ఆగి, అట్లకాడతో తిరగేసి తీయండి. చీజ్ వైపు పైకి ఉండేలా సూప్ మీద తేలేసి, ఇంకొంచెం తురుము చల్లి రెండు నిమిషాలు మూత పెట్టండి. ఓవెన్‌లో వచ్చే పొంగు రాదు గానీ ఆ ఎర్రటి పెళుసు పొర వస్తుంది. మైక్రోవేవ్ చీజ్‌ను కరిగిస్తుందే తప్ప ఎర్రబరచదు, పైగా రొట్టెను రబ్బరు చేస్తుంది.

గిన్నె పళ్లెంలో పెట్టి ఇవ్వండి, పిల్లలకు చేతికివ్వకండి. చీజ్ కింద సూప్ చాలాసేపు మరిగేంత వేడిగానే ఉంటుంది, ఆవిరి పైకి రాదు కాబట్టి తెలియదు.

మిగిలితే రొట్టె, చీజ్ వేయని సూప్‌ను ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచుకోవచ్చు, రెండోరోజుకు రుచి ఇంకా కుదురుకుంటుంది. ఎర్రబరచిన ఉల్లి ముద్ద విడిగా ఉంటే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో మూడు నెలలు నిలుస్తుంది. ఉన్హాళీ కాందా మంచిగా దొరికే రోజుల్లో రెండు గిన్నెల్లో పక్కపక్కనే మూడు కిలోలు చేసి, 350 గ్రాముల చొప్పున సంచుల్లో కట్టి పెట్టుకోండి. మూడు కిలోలూ ఒకే గిన్నెలో కుక్కితే అడుగుది మాడుతుంది, పైది ఉడుకుతుంది.